ఎక్కే ముందు కాళ్లు కడుక్కోవాలి

పాపారాయుడికి పడవ మీద మమకారం పట్టుకుంది. కాకినాడ రేవులో ఉద్యోగం చేసి రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్న చిన్న తెరచాప పడవ అది. లోపల ఇద్దరు పడుకునేంత గది, టీ కాచుకోవడానికో పొయ్యి, పైన నడవడానికి తెల్ల రంగు వేసిన చెక్క. ఎవరు ఎక్కాలన్నా ముందు ఒడ్డున బకెట్లో కాళ్లు కడుక్కోవాల్సిందే. సొంత అల్లుడికి కూడా మినహాయింపు లేదు.

ఒకరోజు కోరంగిలో ఉండే తన గురువు సిద్ధయ్య గారి దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాడు.

"ధ్యానంలో కూర్చున్నా పడవే కనిపిస్తోందండి. ఎండకి రంగు పెచ్చులూడిందేమో, ఎలకలు తాళ్లు కొరికేశాయేమో అని ఒకటే బెంగ. అమ్మేస్తే పీడా పోద్దండి. రేపు ఓ మనిషి చూసుకోడానికొస్తున్నాడు."

పీడ అన్నాడే గానీ, అంటూనే పంచెకి అంటిన తెల్ల రంగు మరకని వేలితో నిమిరాడు.

"అలాగే అమ్మేద్దువులే. ముందు నన్నోసారి తిప్పు" అంటూ లేచారు గురువు గారు.

ఇద్దరూ పడవ దగ్గరికొచ్చేసరికి ఒడ్డున బకెట్ సిద్ధంగానే ఉంది. సిద్ధయ్య గారు దాన్ని చూశారు. చూసి, పక్కనుంచి వెళ్లి, బురద కాళ్లతోనే పడవెక్కారు. ఎక్కి ఊరుకోక ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచారు. గురువుని ఏమనగలడు? పాపారాయుడు తాడు విప్పాడు.

పడవ కాస్త దూరం పోగానే చుక్కానిని కదలకుండా కట్టేసి, గుడ్డ తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక్కొక్క అడుగే తుడుస్తూ పోయాడు. అన్నేళ్లు రేవులో పనిచేసిన మనిషి, ఆటు మొదలై నీళ్లు తీస్తున్న సంగతే చూసుకోలేదు. ఆఖరి మరక తుడిచేసరికి పడవ మెత్తగా బురదలో కూర్చుంది.

"ఇప్పుడేంటయ్యా?" అన్నారు గురువు గారు.

"మళ్లీ పోటొచ్చే దాకా ఇంతేనండి" అన్నాడు పాపారాయుడు తలొంచుకుని.

"అయితే టీ పెట్టు."

ఇద్దరూ టీ తాగారు. మడచెట్ల మీద కొంగలు వాలాయి. గురువు గారు గదిలో పడుకుని గుర్రుపెట్టారు. చేయడానికి ఏ పనీ మిగలక పాపారాయుడు తెరచాప నీడలో వెల్లకిలా పడుకున్నాడు. పడవ కొన్నాక అలా పడుకోవడం అదే మొదటిసారి. ప్రాణానికి హాయిగా ఉంది.

సాయంత్రానికి నీళ్లు పెరిగాయి. గాలి లేచింది. ఒక్క తోపు తోస్తే చాలు. పాపారాయుడు పంచె ఎగ్గట్టి మోకాలి లోతు బురదలోకి దూకాడు. భుజం ఆనించి తోశాడు. పడవ కదిలింది, తెరచాప నిండుగా పొంగింది. ఒక్క గెంతులో పైకెక్కి, చుక్కాని పట్టుకుని పిల్లాడిలా కేకపెట్టాడు. ఒడ్డు చేరేదాకా ఆయన మొహంలో నవ్వు పోలేదు.

దిగబోతూ గురువు గారు వెనక్కి తిరిగి, తెల్ల చెక్క వంక వేలు చూపించారు. పడవ అంచు నుంచి చుక్కాని దాకా ఇంతింత బురద అడుగులు.

"ఇవి ఎవరివయ్యా?"

పాపారాయుడు ఆ అడుగులకేసి, తన కాళ్లకేసి మార్చి మార్చి చూశాడు. ఒడ్డుకి దిగి, బకెట్లో నీళ్లు పారబోసి దాన్ని బోర్లించాడు.

"రేపెవరో మనిషొస్తాడన్నావు?"

"రానివ్వండి గురువు గారూ. ఓసారి తిప్పి, టీ ఇచ్చి పంపించేద్దాం."