కారానికి చెమర్చని కళ్ళు

గుంటూరు దగ్గర ఒక మిర్చి గోదాములో కాయలకు ముచ్చికలు తీసే ఆదెమ్మ పనిలో దిట్ట, గొప్పలు చెప్పుకోవడంలో అంతకంటే దిట్ట. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆ పనితోనే ఇల్లు నెట్టుకొస్తోంది. ఎర్రటి కాయల రాశిలో రంగు వెలిసిన తాలు కాయ ఎక్కడున్నా ఇట్టే కనిపెట్టి ఏరేసేది. ఆ చూపే ఆమెకు కూడు పెట్టేది.

నలభై తొమ్మిదో ఏట ఆమెకు నెలసరి ఆగిపోయింది. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు కమ్మేవి. కళ్ళు ఇసుక పడ్డట్టు గరగరలాడేవి. పైకి చెబితే ముసలిదానివైపోయావని నవ్వుతారని ఆదెమ్మ నోరు మెదపలేదు. ఊరుకుందా అంటే అదీ లేదు, అందులోనూ ఒక గొప్ప వెతుక్కుంది! కారం ఘాటుకి అందరి కళ్ళూ ధారలు కడుతుంటే ఆమె కళ్ళలో చుక్క నీరు రావడం లేదు మరి.

"చూశారటే నా కళ్ళు! కారమే వీటికి భయపడాలి. మీవి కళ్ళా, కుళాయిలా?" అని అందరినీ ఆటపట్టించేది.

పక్కన కూర్చుని పనిచేసే కరీమున్‌కి మాత్రం అనుమానం వచ్చింది. "పిన్నీ, నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదూ?" అంది.

"నా మీద కుళ్ళు కాకపోతే ఏమిటే నీకు!" అని ఆదెమ్మ కసిరింది.

ఎండాకాలంలో బాగా ఘాటైన కాయ వచ్చింది. దుమ్ము రేగుతోందని మేస్త్రి అందరికీ కళ్ళజోళ్ళు ఇచ్చాడు. "నాకెందుకయ్యా ఇవి?" అని ఆదెమ్మ తనది బస్తా మీదకు విసిరేసి, రోజంతా ఉత్త కళ్ళతో పనిచేసింది. మంట పుట్టినప్పుడల్లా కొంగుతో గట్టిగా నులుముకుంది. తెల్లారేసరికి కుడి కన్ను తెరుచుకోలేదు. కరీమునే ఆమెను చెయ్యిపట్టుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, అంతా అడిగి తెలుసుకుంది. "కన్నీళ్ళు ఏడవడానికే అనుకున్నారా? రెప్ప వేసినప్పుడల్లా కంటిని కడిగేది ఆ నీరే. నెలసరి ఆగే వయసులో ఒంట్లో హార్మోన్లు తగ్గుతాయి. దాంతో కొందరికి కన్నీటి గ్రంథులు మందగిస్తాయి. మిగతావాళ్ళ కళ్ళలో పడ్డ దుమ్ము కన్నీళ్ళతో కొట్టుకుపోయింది. మీ కంట్లోది అక్కడే ఉండి పుండు చేసింది" అంది.

ఆదెమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "నేను మళ్ళీ తాలు ఏరగలనా తల్లీ?" అని అడిగింది.

"ఎడమ కన్ను బాగుంది, దాంతో ఏరగలరు. కుడి కంట్లో పుండు మానినా మచ్చ మిగులుతుంది, చూపు మసకగానే ఉంటుంది. మొదట్లోనే వచ్చుంటే చుక్కల మందుతో సరిపోయేది."

"చేజేతులా నా కన్ను నేనే పాడుచేసుకున్నానే కరీమూ!" అంటూ ఆదెమ్మ కరీమున్ భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది. ఎంత ఏడ్చినా ఆమె చెంప తడవలేదు.

ఒంట్లో వచ్చిన మార్పును సిగ్గుపడి దాచడం తప్పు, దాన్నే గొప్పగా చెప్పుకోవడం ఇంకా పెద్ద తప్పు. నలుగురికీ చెప్పి, వేళకు వైద్యం చేయించుకోవడమే తెలివైన పని.