కర్ర అందుకునే చెయ్యి

మౌలాలి సారును ఎవరేది అడిగినా ఆయన నోటితో జవాబు చెప్పడు. అడిగినవాళ్ళ చేతికి ఒక పని అప్పగిస్తాడు. సున్నం డబ్బా ఇచ్చి గీతలు గీయమంటాడు, లేదంటే మైదానంలో రాళ్ళు ఏరమంటాడు. పని అయ్యేసరికి కొందరికి జవాబు దొరుకుతుంది, కొందరికి నడుంనొప్పి మిగులుతుంది. డ్రిల్లు మాస్టరుగా రిటైరై పన్నెండేళ్ళు దాటినా, పొద్దున్నే ఆడపిల్లల హైస్కూలు మైదానానికి రావడం ఆయన మానలేదు. ఈ అలవాటూ మానలేదు.

ఈ సంగతి ఓబుళమ్మకు తెలియనిది కాదు. పదమూడో ఏట వట్టి కాళ్ళతో ఆ మైదానంలోకి వచ్చిన పిల్ల ఆమె. రెండు వందల మీటర్ల పరుగులో రాష్ట్రం తరఫున మూడు పతకాలు తెచ్చింది. ఆ పేరు మీదే తన ఊళ్ళో సర్పంచిగా నిలబడి గెలిచింది. రెండో తడవ ఆమె మీద పోటీకి ఎవరూ రానేలేదు. ఆమె పదేళ్ళలో ఊరికి తారు రోడ్డు పడింది, ఇంటింటికీ కుళాయి వచ్చింది. మైదానంలో కానీ పంచాయతీలో కానీ ఒకరి వెనక నిలబడి ఎరగదు.

అటువంటి మనిషి ఆ పొద్దు కారు దిగి, సారు ముందర కొంగు నలుపుకుంటూ నిలబడింది. ఈసారి సర్పంచి పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. తాను పోటీ చేయడానికి లేదు. అయితే ఆమె ఎవరి పేరు చెబితే ఊరు వాళ్ళకే ఓటేస్తుంది, అది అందరూ ఒప్పుకునే మాటే. నామినేషన్లకు మరునాడే ఆఖరు. ముందుకొచ్చినవాళ్ళు ఇద్దరు. మార్తమ్మ నెమ్మదస్తురాలు, మీరెట్ల చెబితే అట్లే అక్కా అంటుంది, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడుతుంది. సువార్తమ్మ అట్లా కాదు. పైపు తమ వీధి మలుపు దగ్గరే ఎందుకు ఆగిందని గ్రామసభలో ఓబుళమ్మను నిలబెట్టి గంటసేపు అడిగింది. నెల తిరక్కముందే ఆ వీధికి నీళ్ళొచ్చాయి గానీ, ఆ గంటసేపు పడ్డ మాటలు ఓబుళమ్మ మనసులోంచి పోలేదు.

ఇదంతా సారుకు చెప్పుకొని, చివరికి అడిగింది.

“పదేండ్లు నిద్ర మానుకొని చేసినా సార్. నా పని చెడిపోకుండా ఉండాలంటే ఎవురి చేతికియ్యాల?”

సారు విన్నాడో లేదో ముఖం చూస్తే తెలియలేదు. మైదానంలో పిల్లలు రెండు జట్లుగా రిలే పరుగుకు తయారవుతున్నారు. ఒక జట్టులో మూడో పరుగు తీయాల్సిన పిల్ల జ్వరమొచ్చి రాలేదట. సారు ఓబుళమ్మను తీసుకుపోయి ఆ పిల్ల చోట నిలబెట్టాడు. నీ దగ్గర కర్ర అందుకుని ఆఖరి పరుగు తీయడానికి భాగ్య, హసీనా అని ఇద్దరున్నారు, ఎవరు కావాలో నువ్వే చూసుకోమన్నాడు.

సర్పంచక్క కారుతో ఉరుకుతాదా, కాళ్ళతో ఉరుకుతాదా అని ఎవరో పిల్ల అంది. అందరూ నవ్వారు. ఓబుళమ్మకూ నవ్వొచ్చింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, ఒక పిల్ల దగ్గర బూట్లు అడిగి తొడుక్కుంది. నలభై ఆరేళ్ళొచ్చినా కాలిలో బిగువు పోలేదని ఆమెకు తెలుసు.

ఆఖరి పరుగు పిల్ల రెండు సున్నం గీతల మధ్య నిలబడి ఉంటుంది. కర్ర ఆ గీతల నడుమనే చేయి మారాలి. రెండో గీత దాటినాక ఇచ్చారంటే జట్టు మొత్తం ఓడినట్టే. ఈ లెక్క పిల్లలందరికీ తెలుసు. హసీనా బక్కపలచని పిల్ల, తొమ్మిదో తరగతి. అడగకుండానే తన సంగతి చెప్పేసింది.

“నేను ఆగను అక్కా. మొదటి గీతకు ముందర నేను గుర్తు పెట్టుకున్నా, మీ కాలు దాని మీద పడితే చాలు, ఉరుకుతా. అందియ్యడం మీ పని.”

ఆ మాట తీరు ఓబుళమ్మకు నచ్చలేదు. భాగ్యను పిలిచింది.

సారు ఈల ఊదాడు. తన వంతు వచ్చేసరికి ఓబుళమ్మ అవతలి జట్టు పిల్లకు సరిసమానంగా పరుగెత్తింది. భాగ్య వెనక్కి తిరిగి, అక్క ఎప్పుడొస్తుందా అని చూస్తూ నిలబడింది. కర్రను రెండు చేతులా ప్రసాదంలాగా అందుకుని, ఆ తరువాత కదిలింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. అయితే అప్పటికే అవతలి జట్టు ఆఖరి పిల్ల పది గజాలు ముందుంది. ఆ పది గజాలు చివరిదాకా అట్లాగే ఉండిపోయాయి.

ఓబుళమ్మ వగరుస్తూ సారు దగ్గరకొచ్చి, తాను కర్ర ఇవ్వడంలో తప్పేమన్నా ఉందా అని అడిగింది. చానా బాగిచ్చినావు, అన్నాడు సారు. పిల్లల ఆయాసం తీరినాక, ఇంకొక తూరి, ఈసారి హసీనాకు, అని ఈల నోట్లో పెట్టుకున్నాడు.

రెండో తడవ ఓబుళమ్మ కాలు గుర్తు మీద పడిందో లేదో, హసీనా కదిలిపోయింది. అన్నట్టే చేసింది. ఒక్కసారైనా తల తిప్పలేదు. ఒక చెయ్యి మాత్రం వెనక్కి చాచి, అరచెయ్యి తెరిచి, అదే వేగంతో పోతూ ఉంది. ఓబుళమ్మకు ముందు కోపమొచ్చింది. ఆగవే అని అరిచింది. ఆ పిల్ల ఆగలేదు. సున్నం గీత దగ్గరపడుతోంది. కోపం పోయి భయమొచ్చింది. ఇన్నేళ్ళూ ఆమె రిబ్బను కోసం పరుగెత్తింది, గడియారం కోసం పరుగెత్తింది. ఇంకొకరి అరచెయ్యి కోసం పరుగెత్తడం ఎట్లా ఉంటుందో ఆమె ఒంటికి తెలియదు. ఉన్న బలమంతా కాళ్ళలోకి తెచ్చుకుంది. ఒళ్ళు మొత్తం ముందుకు చాచి, గీత ఇంకో అడుగుందనగా కర్రను ఆ చేతిలో పెట్టింది. వేళ్ళు గట్టిగా ముడుచుకోవడం కనబడింది. ఆపైన తన కాళ్ళు తనవి కాకుండా పోయాయి. బోర్లా పడింది.

మోకాళ్ళు చెక్కుకుపోయాయి. నోట్లోకి మన్ను పోయింది. పడినచోటి నుంచే తల ఎత్తి చూసింది. హసీనా జడలు గాలిలో ఎగురుతున్నాయి. అవతలి పిల్లను సగం దారిలో అందుకుంది, దాటింది, మూడు గజాల తేడాతో గెలిచింది. పిల్లలందరూ అటు పరుగెత్తారు. సారు కళ్ళు కూడా అటే ఉన్నాయి.

ఓబుళమ్మ తనంతట తానే లేచింది. డ్రైవరు నీళ్ళ సీసా తెచ్చి ఇస్తే మోకాళ్ళు కడుక్కుంది. పోయేటప్పుడు సువార్తమ్మ వాళ్ళ వీధి మీదుగా పోదాం, ఆమెతో మాట్లాడి, రేపటికి కాగితాలు సిద్ధం చేసుకోమని చెప్పాలి అంది. మార్తమ్మ ఇంటికి కదమ్మా పోయేది అన్నాడు డ్రైవరు. కాదు, అంది.

సెలవు తీసుకోవడానికి సారు దగ్గరకు కుంటుకుంటూ పోయింది. ఇంతమంది పిల్లల ముందర బోర్లా పడితిని, నా పరువేం గావాల సార్ అని నవ్వింది. సారు ఆమె మోకాళ్ళ వైపు చూశాడు. దూరంగా హసీనా కర్రను గిరగిరా తిప్పుకుంటూ వస్తోంది, అటూ చూశాడు.

“నువ్వు పడితే పడినావులేమ్మా. కర్ర పడలేదు గదా.”