పడవెక్కిన పిల్ల ఏమైంది?

అనగనగా ఒక ఊళ్ళో... మరీ అంత అనగనగా కాదులే, నా నోట్లో పళ్ళన్నీ ఉన్నప్పటి ముచ్చట. ఆ ఊళ్ళో బుల్లెమ్మని ఒక పిల్ల. దానికో అన్న, సత్తిరాజు. అన్నకి బడి ఉంది, పిల్లకి లేదు. అన్నకి కథల పుస్తకం ఉంది, పిల్లకి అక్షరం రాదు. ఊ కొడుతున్నారా? కొట్టండి, లేకపోతే నాకే నిద్రొస్తుంది.

ఆ పుస్తకంలో ఒక పిల్ల ఇంట్లో చెప్పకుండా పడవెక్కి సముద్రం మీదకి పోతుంది. అన్న చదివి వినిపించేవాడు. ఊరికే కాదర్రోయ్! చొక్కా ఉతికితే ఒక ముక్క, నీళ్ళు తోడితే ఒక ముక్క, గేదెకి గడ్డేస్తే ఇంకో ముక్క. వెధవ! మిమ్మల్ని కాదులే, వాణ్ణి.

అలా ఉండగా పట్నం నుంచి ఆడపిల్లల బడి పంతులమ్మ వచ్చింది. బుల్లెమ్మ చురుకు చూసి, హాస్టల్లో పెట్టి చదివిస్తానంది. దాని ఇష్టం అన్నాడు నాన్న. పిల్లకి వెళ్ళాలనీ ఉంది, భయమూ ఉంది. అన్న దగ్గరికి పరిగెత్తింది. పడవెక్కిన పిల్ల చివరికి ఏమైందో చెప్పు, అదేం చేస్తే నేనూ అదే చేస్తానంది.

అన్న పుస్తకం తెరిచాడు. తుఫానొచ్చిందన్నాడు. పడవ మునిగిందన్నాడు. పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చి, అమ్మ కాళ్ళమీద పడి, ఇంకెప్పుడూ గడప దాటనని ఒట్టేసిందన్నాడు. మర్నాడు పంతులమ్మ ఒక్కతే బస్సెక్కింది. బుల్లెమ్మ అన్న చొక్కా ఉతికింది.

తర్వాతేముంది! పెళ్ళి, పిల్లలు, పాడి, పంట. అందరూ సుఖంగానే ఉన్నారు. ముసలితనంలో మనవరాలు కూచోబెట్టి అక్షరాలు దిద్దించింది. ఆ మనవరాలే మొన్న బడి నుంచి ఒక పుస్తకం తెచ్చింది. చూద్దును గదా, అదే పడవ, అదే పిల్ల! వేలు పెట్టి కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాను. తుఫానొచ్చింది, నిజమే. పడవ మునగలేదర్రా. ఆ పిల్ల తుఫాను దాటింది, దీవి చేరింది, పెద్దయ్యాక ఓడే నడిపింది.

ఏంటే అలా చూస్తావు? అవును, ఆ బుల్లెమ్మని నేనే. మీ సత్తిరాజు తాతకి ఫోన్ చేసి అడిగాను. నువ్వెళ్ళిపోతే ఇంట్లో పనెవరు చేస్తారే అని నవ్వాడు. అదింకా గుర్తుందా అని కూడా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

మీకెవరు కథ చెప్పినా ఊ కొట్టండి, నేను చెప్పినా సరే. చివరి పేజీ మాత్రం మీ కళ్ళతో మీరే చదువుకోండి.

సరే, కథ కంచికెళ్ళింది. మనం ఇంటికి అనాలి కదూ? నేను ఇల్లు వదిలి ఎక్కడికెళ్ళానని, తిరిగి రావడానికి? పడుకోండి.