పల్లేరు కాయల మీద సభ

ఎన్ని తరాల కిందటి మాటో తెలియదు గానీ, కుందనగిరి రాజ్యాన్ని ప్రతాపకేసరి అనే రాజు ఏలేవాడు. మనసు వెన్న. పిల్లలంటే ప్రాణం. ఉన్న లోపమల్లా ఒక్కటే, నోరు తెరిస్తే మూసేవాడు కాదు.

ఆ రాజు ఒకనాడు కోట వెనక ఉన్న బీడు భూమిని ఊరి పిల్లల ఆటలకని ఇచ్చేశాడు. చెడుగుడు, కుస్తీ, పరుగు పందేలు అన్నీ అక్కడే. వాటి మంచిచెడ్డలు చూడటానికి బాలక్రీడా మండలి అని ఒక సభను ఏర్పాటు చేశాడు. అందులో ఏడుగురు సభ్యులు. అందరూ ఊళ్ళో పనిపాటలు చేసుకు బతికేవాళ్ళే. జీతం లేదు, బత్తెం లేదు. పిల్లల మీది మమకారం కొద్దీ వచ్చేవాళ్ళు. అధ్యక్షుడు సాక్షాత్తూ రాజే. సభలో జరిగిందంతా తాటాకుల మీద రాసే పని రాయసం సింగనది.

పాపం, రాసి రాసి సింగన వేళ్ళు కాయలు కాశాయి. పక్షానికొకసారి పొద్దున్నే సభ మొదలయ్యేది. ముందుగా వంది వచ్చి రాజుగారి బిరుదులు ముప్పైరెండూ చదివేవాడు. తరువాత కిందటి సభలో రాసిన ఆకులన్నీ సింగన పైకి చదవాలి. ఆపైన రాజుగారి ఉపన్యాసం. అది ఎప్పటికో ముగిస్తే ఆస్థాన పండితుడు నరహరిశాస్త్రి లేచి, "అసలు చెడుగుడు అన్న పదం ఎట్లా పుట్టినదనగా..." అని అందుకునేవాడు. ఇంతలో మధ్యాహ్నపు గంట మోగేది.

"మిగతా సంగతులు వచ్చే సభలో!" అని రాజు భోజనానికి లేచేవాడు.

మూడు నెలల్లో ఆ మండలి తేల్చింది ఒకే ఒక్క సంగతి. ఆటస్థలం గుడి వంటిది కాబట్టి ఎంతటివాళ్ళయినా చెప్పులతో అందులో అడుగుపెట్టరాదని రాజు ఆజ్ఞాపించాడు. ఆజ్ఞ బాగానే ఉంది. కానీ వానలకు ఆ స్థలమంతా పల్లేరు అల్లుకుపోయింది. పిల్లలు ఉత్త కాళ్ళతో ఆడి, కుంటుకుంటూ ఇళ్ళకు చేరేవాళ్ళు. పల్లేరు పీకించే సంగతి ప్రతి సభలోనూ అన్నిటికన్నా చివర ఉండేది. చివరిదాకా సభ ఏనాడూ చేరుకోలేదు.

మెల్లగా ఒక్కో సభ్యుడే రావడం మానేశాడు. ఒకనాడు చూస్తే ఇద్దరే మిగిలారు, కుమ్మరి వీరాస్వామి, మంత్రసాని నాంచారమ్మ. రాజుకు కోపం నెత్తికెక్కింది.

"మేము ఇంత శ్రమపడి మాట్లాడుతుంటే వినడానికి మనుషులు రారా? ఈ మండలి వద్దు, ఈ ఆటలూ వద్దు. ఆ స్థలంలో ఏనుగులకు సాల కట్టించండి!"

సింగన చేతిలోని గంటం ఆగిపోయింది. రోజూ ఆ ఆటస్థలం పక్కనుంచే ఇంటికి పోయేవాడు. కుంటుతూ కూడా ఆట మానని పిల్లల కేరింతలు అతనికి తెలుసు. గుండె గట్టి చేసుకుని లేచాడు.

"ప్రభూ, ఒక్క సభ నాకు అప్పగించండి. ఏడుగురినీ రప్పిస్తాను. తేలవలసినవన్నీ మధ్యాహ్నం గంటలోగా తేలుస్తాను."

నరహరిశాస్త్రి పకపకా నవ్వాడు. "రాయసగాడు సభ నడుపుతాడట!"

రాజు మీసం మెలివేశాడు. "సరే. కానీ మా మాటకు అడ్డు రాకూడదు. మా బిరుదుల్లో ఒక్కటీ నువ్వు తగ్గించకూడదు. శాస్త్రిగారిని ఆగమనకూడదు. ఓడావో, నీ కొలువు పోతుంది, ఏనుగుల సాల లేస్తుంది."

"చిత్తం. సభ ఎక్కడ జరగాలో మాత్రం నన్ను ఎంచుకోనివ్వండి."

"నీ ఇష్టం."

సింగన ఆ రోజే ఏడుగురి ఇళ్ళకూ వెళ్ళాడు. ఎందుకు రావడం లేదని ఎవరినీ నిలదీయలేదు. "పిల్లలకు ఏం కావాలి? అందులో నీ చేతనైంది ఏమిటి?" అని మాత్రం అడిగాడు. మూడు నెలలుగా ఆ మాట అడిగినవాడు లేడు. ఒక్కొక్కరూ కూర్చోబెట్టి మరీ చెప్పారు.

సభ రోజు వచ్చింది. చోటు ఆటస్థలం నడిబొడ్డు. ఊరంతా చూస్తుందని రాజు మహా సంబరంగా బంగారు జరీ చెప్పులు తొడుక్కుని వచ్చాడు. ఆటస్థలం అంచున ఉన్న గట్టు దగ్గర సింగన చేతులు జోడించి నిలబడ్డాడు.

"ప్రభూ, చెప్పుల సంగతి తమరి ఆజ్ఞ..."

"మా ఆజ్ఞ మాకూ ఆజ్ఞే!" అని రాజు దర్జాగా చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. నాలుగడుగులు వేసేసరికి ఆ నడకలో దర్జా తగ్గింది. మరో నాలుగు వేసేసరికి కొంగ నడక అయింది.

"మా ఆసనం ఏది?" అన్నాడు పళ్ళ బిగువున.

"మోసుకొచ్చేవాళ్ళు కూడా చెప్పులు విడిచారు ప్రభూ. గట్టు దగ్గరే కూలబడ్డారు."

ఏడుగురు సభ్యులూ వచ్చి నిలబడ్డారు. వంది గొంతు సవరించుకున్నాడు. "రాజాధిరాజ! రాజమార్తాండ! శత్రుగజ... అబ్బా! శత్రుగజకంఠీరవ..."

"చాలు!" అన్నాడు రాజు ఒక కాలు ఎత్తి పట్టుకుని. "మిగతావి అందరికీ తెలిసినవేగా!"

సింగన తాటాకుల కట్ట విప్పాడు. "కిందటి సభ విశేషాలు పద్దెనిమిది ఆకులు. చదవమంటారా ప్రభూ?"

"వాటిలో సారం ఏమిటో చెప్పు!"

"ఏమీ లేదు ప్రభూ."

"అయితే కట్టిపెట్టు. ఇవాళ మా ఉపన్యాసం కూడా..." రాజు రెండో కాలు ఎత్తబోయి తూలాడు. "తరువాత చూద్దాం. శాస్త్రీ, మీరేమైనా..."

"చెడుగుడు అన్న పదం..." అంటూ శాస్త్రి ఒక్క అడుగు ముందుకేశాడు. "అమ్మో! నాదేమీ లేదు ప్రభూ, ఏమీ లేదు!"

సింగన సభ్యుల వైపు తిరిగాడు. "పల్లేరు ఎవరు పీకిస్తారు? ఎన్నాళ్ళలో?"

"రేపు పొద్దున్నే మా వీధివాళ్ళం పదిమందిమి పారలతో దిగుతాం" అన్నాడు వీరాస్వామి. "మూడు రోజుల పని."

"కానీయండి!" అన్నాడు రాజు.

"తాగే నీళ్ళు?"

"నాలుగు బానలు చేసి పెట్టాను. పెట్టే చోటు చూపించడమే తరువాయి."

"కానీయండి, కానీయండి!"

"దెబ్బలు తగిలిన పిల్లల్ని ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను" అంది నాంచారమ్మ. "పురుడు పోయడానికి పోయిన నాడు మా కోడలు వస్తుంది."

ఇట్లా తేలవలసిన ఏడు సంగతులూ తేలిపోయాయి. ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు, అంతే. సింగనకు ఒక్క ఆకు సరిపోయింది. ఘడియ కూడా పట్టలేదు.

సభ ముగిసిందనగానే రాజు గట్టు మీదికి గెంతి కూలబడ్డాడు. నాంచారమ్మ ఆయన పాదం ఒళ్ళో పెట్టుకుని, తుమ్మముల్లుతో పల్లేరు ముళ్ళు ఒక్కొక్కటే తీయసాగింది.

"ఈ ముళ్ళు ఎన్నాళ్ళనుంచి ఉన్నాయి?" అన్నాడు రాజు.

"మూడు నెలలు మారాజా."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామని ప్రతి సభకూ వచ్చాను మారాజా. తమరు ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుందేమోనని చూసి చూసి పోయేదాన్ని."

అందరూ బిగుసుకుపోయారు. రాజు ఒకసారి తన పాదం వైపు చూసుకున్నాడు. తరువాత సింగనను పిలిచాడు.

"ఏరా సింగనా! నీ ప్రభువును ముళ్ళ మీద నిలబెడతావా?"

"తప్పే ప్రభూ. కానీ నేను నిలబెట్టింది ఘడియసేపు. మన సభ పిల్లల్ని నిలబెట్టింది మూడు నెలలు."

రాజు ముఖం ఎర్రబడింది. తరువాత మీసాలు కదిలాయి. ఆపైన పొట్ట కదిలింది. చూస్తుండగానే కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు. "గెలిచావురా! ఇకమీదట ఈ గట్టు మీదే సభ. ముందు సభ్యులు మాట్లాడతారు. అందరిలోకీ ఆఖరున మేము" అన్నాడు.

నాలుగో రోజుకు ఆటస్థలం అద్దంలా తయారైంది. చూడవచ్చిన రాజును పిల్లలు చెయ్యి పట్టి చెడుగుడు బరిలోకి లాక్కుపోయారు. రాజు పంచె ఎగగట్టి, కూత పెట్టి, గీత దాటాడు. మూడు ఘడియలు ఆపకుండా మాట్లాడే ప్రభువుకు మూడు అడుగులకే కూత తెగింది! పదిమంది పిల్లలు మీదపడి పట్టేశారు. ఊరంతా గొల్లున నవ్వింది. అందరికన్నా పెద్దగా నవ్వింది మట్టిలో వెల్లకిలా పడి ఉన్న రాజే.

లేచి ఒళ్ళు దులుపుకుని, తన చేతి బంగారు కంకణం తీసి సింగన చేతికి తొడిగాడు. అలవాటు చొప్పున ఏదో చెప్పబోయాడు గానీ, ఆయాసం కొద్దీ ఒక్క మాటే బయటికొచ్చింది.

"భేష్!"

ప్రతాపకేసరి ఇచ్చిన ఉపన్యాసాలన్నిటిలోకీ కుందనగిరి జనం మెచ్చుకున్నది అదేనట.