కెంపి విడిచిన కుబుసాలు

ఒకప్పుడు మిడతలన్నీ పండుమిరపకాయల్లా ఎర్రగా ఉండేవి. పెరట్లో బీరపాదు పక్కన బోడినేల మీద బతికేవి. అంత ఎరుపు ఎవరి కంట పడదు? గోరింక గోడమీంచి ఒక్క చూపు చూసేది, గబుక్కున దిగేది, ఒకదాన్ని ముక్కున కరుచుకుపోయేది.

కెంపి అనే పిల్ల మిడతకు ఇంకా రెక్కలు రాలేదు. ఒక పొద్దున దాని కళ్ళముందే అక్కను గోరింక ఎత్తుకుపోయింది. ఇక మిగిలింది తనూ, తమ్ముడూ.

"వీణ్ణి మాత్రం పోనివ్వను," అనుకుంది కెంపి. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గట్టుమీది గరికవ్వ దగ్గరికి గెంతింది.

"అవ్వా, నీ పచ్చదనం మాకూ కావాలి."

"ఇది పైన పూసుకునే రంగు కాదే పిల్లా! లోపల్నుంచి రావాలి," అంది గరికవ్వ. "నా ఆకే తినండి, నా మధ్యనే ఉండండి. పూల జోలికి పోకండి. నా ఆకు వగరు. పచ్చదనం ఎన్నాళ్ళకొస్తుందో నాకూ తెలీదు."

"వచ్చేదాకా తింటాం," అంది కెంపి.

తిన్నారు. దవడలు నొప్పెట్టాయి. కొన్నాళ్ళకు ఒళ్ళు బిగిసి కుబుసం చిట్లింది. కెంపి ఆశగా చూసుకుంది. ఎరుపే! రెండోసారీ ఎరుపే. మూడోసారి ఇటుక రంగు.

"అక్కా, గుమ్మడిపువ్వు ఒక్క కొరుకు కొరుకుతానే," అని తమ్ముడు ఏడ్చాడు.

"వద్దురా నాన్నా. ఇంతదాకా వచ్చి వెనక్కి పోతామా?"

నాలుగోసారి పండుటాకు రంగు వచ్చింది.

ఇద్దరూ ఐదో కుబుసం విడిచారో లేదో, గోరింక రివ్వున దిగింది. ఒళ్ళింకా మెత్తగా ఉంది. గెంతుదామంటే కాళ్ళలో బలం లేదు.

"తమ్ముడూ, ఊపిరి బిగబట్టు. కదలకు!"

గోరింక గరికను పాయలు తీసింది. అటు పొడిచింది, ఇటు పొడిచింది. దాని ముక్కు కెంపి మీసాన్ని రాసుకుంటూ పోయింది. కెంపి రెప్పపాటు కూడా కదల్లేదు.

"ఆ ఎర్రపిల్లలు ఏమైపోయారబ్బా!" అని విసుక్కుంటూ గోరింక ఎగిరిపోయింది.

అప్పుడు కెంపి మెల్లగా కిందికి చూసుకుంది. ఏది తన కాలో, ఏది గరిక పోచో తనకే తెలియలేదు.

వాళ్ళను చూసి మిగతా మిడతలూ గరిక తినసాగాయి. అప్పటినుంచే మిడతలు పచ్చగా, పచ్చగడ్డిలోనే ఉంటున్నాయి. మనం పక్కనే కూర్చున్నా సరే, మిడత గెంతేదాకా మన కంటికి గడ్డే కనబడుతుంది.