ఎర్ర తుండు కట్టుకున్న మంచన్న

అనగనగా ఒక అడవిలో అందరికీ పలకరింపుల పిచ్చి ఉండేది. అదేదో మామూలు పిచ్చి కాదు. ఎదురుపడితే చాలు, తిన్నావా, ఏం కూర, పిల్లలకి జలుబు తగ్గిందా, అత్తగారి నడుం ఎలా ఉంది, అని వరసగా అడగాల్సిందే. అడిగించుకున్నవాళ్లు మళ్లీ అవన్నీ తిరిగి అడగాల్సిందే. పులి జింకను తరుముతూ కూడా మధ్యలో ఆగి, "మీ నాన్నగారు కులాసానా?" అనేది. "కులాసానే, మీ దయ," అని చెప్పి జింక మళ్లీ పరుగందుకునేది. నవ్వకండి. ఆ అడవిలో జింకలు చాలాకాలం బతకడానికి అదే కారణం.

అక్కడ జుంటమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. తేనె పట్టడం, సంతలో అమ్మడం ఆవిడ పని. ఏళ్ల తరబడి తేనెటీగలు మొహమంతా కుట్టి కుట్టి, పాపం, చూపు బాగా మందగించింది. ఎదురుగా ఉన్నది ఏనుగో, పుట్టో తెలిసేది కాదు. అయినా సంత మానలేదు. సంతలో చింతచెట్టు నీడన ఆవిడకో జాగా ఉంది. తేనె ఇచ్చి తెచ్చుకునే దుంపలకంటే ఆ నీడన నలుగురి మధ్య కూర్చోవడమే ఆవిడకి ఇష్టం. అక్కడ కూర్చుంటేనే తను ఇంకా పనికొచ్చేదాన్నని అనిపించేది.

సంతకి పెద్ద వడ్రంగిపిట్ట. దానికి మొహమాటమంటే తెలీదు. సంతరోజు పొద్దున్నే మోడు మీద నూటొక్క దెబ్బలు కొడుతుంది. ఒక్కో దెబ్బకీ మధ్య ఒక పురుగును ఏరుకు తింటూ, తీరిగ్గా కొడుతుంది. ఆఖరి దెబ్బ పడేలోగా ఎవరి జాగాలో వాళ్లు కూర్చోవాలి. మొత్తం మూడు సంతలు తప్పితే ఆ జాగా వేరేవాళ్లకి పోతుంది.

జుంటమ్మ అప్పటికే రెండు తప్పింది. మొదటిసారి దారి తప్పి ఏటి ఒడ్డున బండరాళ్ల మధ్య కూర్చుని, "తేనె, జుంటితేనె," అని సాయంత్రం దాకా కేకేసింది. ఒక్క రాయీ కొనలేదు. రెండోసారి ముళ్లపొదలో ఇరుక్కుంటే ఉడతలు వచ్చి విడిపించేసరికి సంత అయిపోయింది. ఇంకొక్కటి తప్పితే జాగా పోయినట్టే. ఆ జాగా కోసం నక్క కాచుకు కూర్చుంది. జుట్టు ఒత్తుగా పెరిగే నూనె అమ్ముతుందది. దాని తోకకి మాత్రం నాలుగంటే నాలుగు వెంట్రుకలు.

ఇది చూసి వలస కొంగలకి జాలేసింది. మరుసటి ఏడు మంచుకొండల నుంచి వస్తూ వస్తూ ఒక కుక్కను వెంటబెట్టుకొచ్చాయి. అలాంటి కుక్కల్ని ఆ దేశంలో హస్కీ అంటారు. నీలం కళ్లు, నిక్కబొడుచుకున్న చెవులు, ఒళ్లంతా బొచ్చు. పేరు మంచన్న. అక్కడ మంచు మీద చక్రాల్లేని బండ్లు లాగేవాడట. చూపులేనివాళ్లకి దారి చూపడం కూడా నేర్చుకున్నాడు.

"పెద్దమ్మా, ఈ ఎర్ర తుండు నా మెడకి కట్టి, దాని కొస నువ్వు పట్టుకో," అన్నాడు మంచన్న. "నేను ఆగితే ముందు గుంటో గట్టో ఉన్నట్టు. ఎటు ఒరిగితే అటు తిరగాలి. కూర్చున్నానంటే ఇక అడుగు తియ్యకూడదు. ఇంకో మాట. తుండు కట్టి ఉన్నంతసేపు నన్నెవరూ పలకరించకూడదు, ముట్టుకోకూడదు, ఏమీ పెట్టకూడదు."

"మరి తుండు విప్పితే?"

"విప్పితే ఒట్టి కుక్కనే."

అది మాత్రం నిజం. తుండు విప్పితే వాడంత అల్లరివాడు లేడు. స్నానం చెయ్యరా అంటే ఊ... ఊ... ఊ... అని అరగంట వాదించేవాడు. ఎండ తగిలితే వెళ్లి నీళ్ల తొట్టిలో కూర్చునేవాడు. జుంటమ్మ దాహమేసి దోసిలి ముంచితే నీళ్లకి బదులు చెవి వచ్చేది. జావలో బొచ్చు, పక్క మీద బొచ్చు. ఆఖరికి తేనెలో కూడా బొచ్చు. తుండు కట్టారో, వాడే బడిపంతులులా నిటారుగా నిలబడేవాడు. నోట్లోంచి చిన్న కుయ్యి కూడా వచ్చేది కాదు.

మొదటి సంతరోజు జుంటమ్మ తుండు కట్టింది. కుండ చంకనెత్తుకుంది. బయల్దేరారు.

దారిలో కోతి కోటమ్మ కనపడింది. అడవిలో మర్యాదలన్నిటికీ ఆవిడే పెద్ద దిక్కు. "ఏం నాయనా, తిన్నావా? ఏం కూర?" అని అడిగింది. మంచన్న తల తిప్పలేదు.

కొంతదూరం పోయాక అడవిపంది అప్పలసూరి ఒక దుంప తెచ్చి దారిలో పెట్టాడు. "తిను అల్లుడూ, ఇప్పుడే తవ్వాను," అన్నాడు. మంచన్న దుంపను దాటుకుపోయాడు.

ఇంకొంచెం దూరంలో నెమలి పురి విప్పి ఆడింది. మంచన్న రెప్ప ఎత్తలేదు.

వడ్రంగిపిట్ట అరవయ్యో దెబ్బ కొట్టేసరికి జుంటమ్మ తన జాగాలో కూర్చుని ఉంది. ఆ రోజు కుండెడు తేనె అమ్మింది. ఒక కుందేలు, "తేనెలో ఈ వెంట్రుకేంటి పిన్నీ?" అని అడిగింది. "అది నీకు ఊరికే ఇస్తున్నాను," అంది జుంటమ్మ. ఆవిడ అంత హుషారుగా ఉండి ఎన్నాళ్లో అయింది.

ఆ హుషారు సాయంత్రం దాకానే. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పంచాయితీ సిద్ధంగా ఉంది.

"వదినా, ముచ్చటగా మూడుసార్లు అడిగాను. మొహం తిప్పుకున్నాడు. నా పెంపకంలో అయితే తోక కత్తిరించేదాన్ని," అంది కోటమ్మ. మూడుసార్లు అడగలేదు, ఒక్కసారే అడిగింది. అయినా మర్యాద విషయంలో ఆవిడ లెక్క ఎప్పుడూ అలాగే ఉంటుంది.

"అక్కా, నా జన్మలో నా దుంపను ఎవరూ దాటలేదు," అన్నాడు అప్పలసూరి.

"వానాకాలం కాకపోయినా ఆడాను," అంది నెమలి.

నక్క వెనక నుంచి మెల్లగా అందుకుంది. "కుర్రాడు మంచివాడే. ఆ ఎర్ర గుడ్డే పొగరెక్కిస్తోంది. అది తీసేస్తే సరి. నలుగురూ ఏమనుకుంటారు జుంటమ్మా? గుడ్డిది కుక్కను పెట్టుకుని అడవిని లెక్కచెయ్యడం లేదని అనుకోరూ?"

నలుగురూ ఏమనుకుంటారో అన్న మాట జుంటమ్మకి ముల్లులా గుచ్చుకుంది. రాత్రంతా పొర్లింది. వారం తిరిగి మళ్లీ సంతరోజు వచ్చింది. మంచన్న మెడ చాపి నిలబడ్డాడు.

"ఈ ఒక్కరోజుకి తుండు వద్దులేరా. వీళ్లతో మాటలు పడలేను," అంది జుంటమ్మ.

"పెద్దమ్మా, అది లేకపోతే నన్ను నేనే ఆపుకోలేను. ఆలోచించుకో," అన్నాడు మంచన్న.

"దారి నీకు తెలుసుగా. అందరినీ ఒక మాట పలకరించి తీసుకుపో." అని ఆవిడ ఆ తుండును తేనెకుండ మూతికి వాసెన కట్టేసింది. తప్పు అక్కడే జరిగింది. తనకి కళ్లుగా ఉన్నదాన్ని తీసి కుండకి కట్టింది.

కోటమ్మ ఎదురైంది. "ఏం నాయనా, తిన్నావా?"

అంతే. పోయిన సంతనాడు లోపల దాచుకున్నదంతా మంచన్న నోట్లోంచి ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఊ... తిన్నాను అత్తా, జావ, అందులో నా బొచ్చే. మీరు తిన్నారా? మామయ్య దగ్గు తగ్గిందా? పెద్దపిల్లకి తోక నొప్పన్నారు, ఏం రాశారు?" అంటూ కోటమ్మ పద్దెనిమిది మంది పిల్లల గురించీ పేరుపేరునా అడిగాడు. అంతలో అప్పలసూరి దుంప తెచ్చాడు. మంచన్న దుంప తిన్నాడు, ఇంకోటి అడిగాడు, బుట్ట కూడా నాకాడు. నెమలి ఆడింది. వాడూ పక్కన చేరి ఆడాడు. అడవంతా మురిసిపోయింది.

దూరంగా మోడు మీద మొదటి దెబ్బ పడింది. టక్.

"ఒరేయ్ మంచన్నా, మొదలైందిరా," అంది జుంటమ్మ. వాడు వినలేదు. ఇరవై దెబ్బలయ్యాయి. "ఇంక పదరా నాయనా." ఊహూఁ. ముప్ఫయ్యో దెబ్బకి ఆవిడకి కాళ్లు ఆగలేదు. కుండ నెత్తిన పెట్టుకుని తనే చెవుల ఆధారంతో నడక మొదలుపెట్టింది. పది అడుగులు బాగానే వేసింది. పదకొండోది అప్పలసూరి బురదగుంటలో వేసింది.

నడుం దాకా దిగబడింది. కదిలితే ఇంకా దిగుతోంది. కుండ మాత్రం రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. గుంటలో ఉన్న కప్ప ఆవిణ్ణి చూసి ఎంతో ఆప్యాయంగా, "రా పెద్దమ్మా, ఏం తిన్నావు?" అని అడిగింది.

"బురద," అంది జుంటమ్మ.

"ఏం కూర?" అంది కప్ప. ఆ అడవి అలాంటిది మరి.

యాభై దెబ్బలయ్యాయి. జుంటమ్మకి ఏడుపొచ్చింది. జాగా పోతుంది. రేపటి నుంచి ఇంట్లో మూల కూర్చోవాలి. ఎవరైనా పెడితే తినాలి. తన చేతులతో తనే ఈ పని చేసుకుంది. ఆవిడ గొంతెత్తి, "మంచన్నా, తుండు," అని ఒక్క కేక పెట్టింది.

ఆడుతున్న మంచన్న తల తిప్పాడు. బురదగుంట మీద ఎర్రగా కుండ మూతి కనపడింది. నోట్లో దుంప నోట్లోనే ఉండిపోయింది. నాలుగు దూకుల్లో గట్టుకొచ్చి మెడ చాపాడు. "కట్టు పెద్దమ్మా."

ఆవిడ కుండను చంకలో ఇరికించుకుని, తడుముకుంటూ వాసెన విప్పి మెడకి కట్టి, కొస పట్టుకుంది. ముడి పడగానే వాడు మళ్లీ బడిపంతులైపోయాడు. దుంప ఉమ్మేశాడు. నాలుగు కాళ్లూ నేలకి తన్నిపెట్టి, మంచు మీద బండి లాగినట్టు లాగాడు. జుంటమ్మ కుండతో సహా బుళుక్కుమని బయటపడింది.

అప్పుడొచ్చారు అందరూ. "అయ్యో వదినా, ఎలా పడ్డావు? ఏ కాలు ముందు పడింది?" అని కోటమ్మ మొదలుపెట్టింది. "మా గుంట నచ్చిందా అక్కా?" అన్నాడు అప్పలసూరి.

జుంటమ్మ బురద కారుతూ నిటారుగా నిలబడింది. "అందరూ కాసేపు నోళ్లు మూసుకోండి. నా కళ్లు పనిలో ఉన్నాయి," అంది.

ఆ అడవి పుట్టాక ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనలేదు. కోటమ్మ జుంటమ్మ బురద కాళ్లను చూసింది. తర్వాత కుక్క మెడలోని తుండును చూసింది. ఆవిడకి సిగ్గేసింది. రెండు చేతులతో తన నోరు మూసుకుంది, రెండు కాళ్లతో ఇద్దరు పిల్లల నోళ్లు మూసింది. అప్పలసూరి తన నోట్లో తనే దుంప కుక్కుకున్నాడు. నెమలి పురి ముడుచుకుని వెనక్కి తిరిగింది. సంతదారి పొడుగునా జంతువులన్నీ చెట్ల వైపు తిరిగి, ఊపిరి బిగపట్టి నిలబడ్డాయి. ఆ నిశ్శబ్దంలో మంచన్న లాగుతుంటే జుంటమ్మ పరుగెత్తింది. బురద చుక్కలు చుక్కలుగా ఎగిరింది.

తొంభై దెబ్బలు. సంత మొదట్లో నక్క అడ్డంగా నిలబడి ఉంది. చింతచెట్టు కింద అప్పుడే నూనె బుడ్లు పరిచేసి వచ్చింది. "మంచన్నా, తిన్నావా?" అంది. వాడు ఆగలేదు. "పాయసం ఉంది, తాగుతావా?" అంది. ఆగలేదు. నక్క పక్కనే పరుగెత్తుతూ, "మీ మంచుకొండల నుంచి కబురొచ్చిందోయ్. మీ అమ్మ నీకో మాట చెప్పమంది," అంది.

మంచన్న ఎడమ చెవి వణికింది. వాడు అమ్మను చూసి నెలలైంది. అయినా చెవి వణికిందే గాని అడుగు తప్పలేదు.

తొంభై తొమ్మిది. నూరు. నూటొక్కటో దెబ్బకి జుంటమ్మ తన జాగాలో చతికిలబడింది. చూపు లేదు కదా, నక్క బుడ్ల మీదే చతికిలబడింది. పది బుడ్లూ పగిలాయి. ఆవిడ వెనక భాగమంతా నూనె. మళ్లీ సంతకి చూస్తే అక్కడ ఒక్క వెంట్రుక కూడా కొత్తగా మొలవలేదని కుందేళ్లు చెప్పుకున్నాయి.

వడ్రంగిపిట్ట కిందికి చూసింది. "జుంటమ్మ వచ్చింది," అని ఇంకో పురుగు తినేసింది.

సాయంత్రం ఇంటికొచ్చాక జుంటమ్మ మంచన్న తలను ఒళ్లోకి తీసుకుంది. "నలుగురి మెప్పు కోసం నిన్ను వదులుకోబోయాను రా. నాదే తప్పు," అంది. తుండు విప్పి, "ఇక నీ ఇష్టం. ఎవరిని పలకరిస్తావో పలకరించు," అంది.

మంచన్న తిన్నగా నక్క ఇంటికి వెళ్లాడు. గుమ్మంలో కూర్చున్నాడు. "మామా, మా అమ్మ ఏమంది?" అని అడిగాడు. నక్క నీళ్లు నమిలింది. "పోనీ, తర్వాత గుర్తొస్తే చెబుదువుగానిలే. నువ్వు తిన్నావా? ఏం కూర? మీ తాతగారు కులాసానా? వాళ్ల తాతగారు? మీ తోక వెంట్రుకలు నాలుగూ బాగున్నాయా?" అని మొదలుపెట్టాడు. ఊ... ఊ... అని రాగం తీస్తూ ఏడు తరాలు అడిగాడు. మధ్యలో నక్క మూడుసార్లు నిద్రపోయింది. లేపి మరీ అడిగాడు.

ఆఖరికి నక్క పరుగు పరుగున జుంటమ్మ గడప ఎక్కి, రెండు చేతులూ జోడించింది.

"తల్లీ, నీకు పుణ్యముంటుంది. ఆ ఎర్ర తుండు ఎక్కడుంది? నేనే కడతాను."

నీతి: పనిలో ఉన్నవాణ్ణి పలకరించకుండా వదిలెయ్యడమే వాడికి చేసే అసలైన మర్యాద.