రాయి కాని రాణి

మీ తాతకు తాత ఉగ్గుపాలు తాగే రోజుల్లో, మణిదుర్గాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. కడగొట్టువాడి పేరు సుధన్వుడు.

వాళ్ళమ్మ అన్నాలు వడ్డించే ముందు తొలిముద్ద తీసి, దేవుడికని ఆకు మీద పెట్టేది. దాన్ని ఏ కాకో తినిపోయేది. "దేవుడు తినలేదమ్మా, కాకి తింది" అనేవాడు సుధన్వుడు. "ఎవరి ఆకలైతేనేంరా చిన్నోడా, తీరింది కదా" అని నవ్వేది.

వాడికి ఆరేళ్ళప్పుడు కరాళుడనే మాంత్రికుడు ఆ తల్లిని ఎత్తుకుపోయాడు. పెద్దవాడు "దేవుడే తెస్తాడు" అని గుళ్ళో కూర్చున్నాడు. నడిపివాడు "దేవుడూ లేడు, దారీ లేదు, పోయిన అమ్మ రాదు" అని గది తలుపేసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు గుడికీ గదికీ మధ్య వాదాలే వాదాలు. వాదాలకు కాళ్ళుంటే ఏనాడో అమ్మ దగ్గరికి చేరేవి! చిన్నవాడు పెద్దన్నలా నమ్మలేడు, చిన్నన్నలా మరవలేడు. చద్దిమూట కట్టుకుని తనే బయల్దేరాడు.

నడిచాడు, నడిచాడు, నడిచాడు. ఎక్కడ మూట విప్పినా అమ్మలాగే తొలిముద్ద పక్కన పెట్టాడు. నమ్మి కాదు. అలా పెడితే అమ్మ పక్కన కూర్చున్నట్టుండేది. మొదటిరోజు ముద్ద చీమలు తిన్నాయి, రెండోరోజుది కాకి తింది, మూడోరోజుది తాబేలు తింది.

"మీరు దేవుళ్ళా?" అని అడిగాడు.

"కాదు నాయనా, ఆకలిగొన్నవాళ్ళం" అన్నాయి అవి.

కాకి ముందు ఎగురుతూ దారి చూపింది. చీమలు తలపాగాలో కూర్చున్నాయి. తాబేలు వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలు దాటించింది.

కరాళుడి దీవి నిండా రాతి మనుషులే. వాళ్ళ మధ్య ఒక పిల్ల వాకిలి ఊడుస్తోంది. పేరు మందారవల్లి. మాటలైనా రాని పసిగుడ్డుగా ఉన్నప్పుడే మాంత్రికుడు ఏదో దేశపు అంతఃపురం నుంచి ఎత్తుకొచ్చాడు. సుధన్వుణ్ణి చూడగానే ఆమె చీపురు కింద పడేసింది.

"చిన్నోడంటే మీరేనా? వస్తారని అమ్మ రోజూ చెప్పేది."

"చెప్పేదా?" వాడు చుట్టూ అమ్మ కోసం చూశాడు.

"రెండు వానాకాలాల కిందట జ్వరమొచ్చి పోయింది."

వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు. మందారవల్లి నీళ్ళిచ్చి చెప్పింది: "కరాళుడు మనుషుల ఆశ పీల్చి బతుకుతాడు. ఆశ వదిలినవాళ్ళు మూడోరోజుకు రాళ్ళవుతారు. అమ్మ మాత్రం 'దేవుడున్నాడు, నా కొడుకు వస్తాడు' అంటూ పదహారేళ్ళు మనిషిగానే ఉంది. వాడు చస్తే ఈ రాళ్ళన్నీ లేస్తాయి."

"అంటే రాయై ఉంటే అమ్మ కూడా లేచేదిగా! నమ్మి ఏం బావుకుంది?"

ఆ పిల్లకు కోపమొచ్చింది. "రాయై ఉంటే పాలు తాగే పిల్లను నన్నెవరు సాకేవారు?"

ఇద్దరూ కాసేపు ఏడ్చారు.

కరాళుడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉంది. పంజరానికి మనిషి చెయ్యి తగిలితే ఆ మనిషి బూడిదే. అమ్మ పొడుగు గరిటెతో దానికి మేత పెట్టేదట. మిగతావాళ్ళంతా రాళ్ళైతే ఇంకెవరు పెడతారు మరి! కరాళుడు మనుషుల చేతులకు మంత్రం వేశాడు గానీ చీమల్ని మరిచాడు. చీమలు పంజరం తలుపుకు కట్టిన పట్టుదారం కొరికేశాయి. చిలుక ఎగిరొచ్చి సుధన్వుడి చేతి మీద వాలింది.

"చిన్నోడా, అన్నం తిన్నావా?"

అచ్చం అమ్మ గొంతు. ఇంతలో కరాళుడు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. "చంపకు! ఉంచుకుంటే రోజూ మీ అమ్మ నిన్ను పిలుస్తుంది. చంపావా, ఆ గొంతు నీకు మళ్ళీ వినపడదు!"

ఒక్కరోజు ఉంచుకుంటే ఏం పోయిందనిపించింది. ఎదురుగా ఒక ముసలాయన ఎవరినో పిలవబోతూ నోరు తెరిచే రాయైపోయి ఉన్నాడు. సుధన్వుడు ఆయన్ని చూశాడు. "తిన్నానమ్మా" అని చెప్పి, కళ్ళు మూసుకుని చిలుక మెడ విరిచాడు.

కరాళుడు నేలకూలి చచ్చాడు. రాళ్ళన్నీ ఆవులిస్తూ లేచాయి.

సుధన్వుడు, మందారవల్లి మణిదుర్గం చేరి పెళ్ళి చేసుకున్నారు. "దేవుడే పంపాడు" అన్నాడు పెద్దన్న. "వీడే వెళ్ళాడు" అన్నాడు చిన్నన్న. వాళ్ళకు వాదం నుంచి తీరిక లేదు గనక రాజ్యం చిన్నవాడికే దక్కింది. నలభై ఏళ్ళు చల్లగా ఏలాడు. కానీ ఏడాదికింత చొప్పున అమ్మ గొంతు మరుపున పడిపోయింది. ఒకనాడు ఉండబట్టలేక భార్యతో చెప్పుకున్నాడు.

"వల్లీ, ఎంత తలచుకున్నా అమ్మ గొంతు గుర్తురావటం లేదు. చేతులారా నేనే పోగొట్టుకున్నాను."

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఇన్నేళ్ళూ విన్నది ఎవరి గొంతనుకున్నారు? నాకు మాట నేర్పింది ఆవిడే కదా!"

రాజు ఆమె దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"ఏదీ, ఇంకాస్త మాట్లాడు" అన్నాడు.